బంగారమును బలవంతపు సంస్కారమును

సంఘమును బాగుచేయ బూనుకొన్నవారికి ఓపిక యనునది తప్పక యుండవలసిన గుణము. తఱచుగ వారికి లోపించునదియు నదియే. ఒక దురాచారమును చూతుము. దానివలని కీడు మనకు స్పష్టముగ గనబడుచుండును. సభలలో చెప్పుదుము, పత్రికలలో వ్రాయుదుము, ఇంటిలోనివారితో వాదింతుము. పదిమందిలో నొక్కడు వినును. తొమ్మండ్రు తలయూచి తమ దారిని పోవుదురు. అప్పుడు మనకు విసుగు పుట్టును. ‘ఈ జనులు చెప్పిన వినువారు కారు, ప్రభుత్వమే యొక శాసనము చేసి మాన్పించినచో నొక్కదినములో పీడ విరగడయగును గదా’ యని తలంతుము. ఈ తలంపు దుష్టబుద్ధినుండి పుట్టినది కాదు; మంచిపట్ల మనకుగల తొందరనుండి పుట్టినది. అందుచేతనే దీనిని మిక్కిలి జాగరూకతతో పరీక్షింపవలసియున్నది.

ఒక మనుష్యుడు తన సొత్తుతోను, తన చేతిపనితోను, ఎవ్వరిని మోసగింపక, ఎవ్వరిని బాధింపక చేయు వ్యవహారమును, అది మన దృష్టికి అవివేకముగ తోచినంత మాత్రమున, ప్రభుత్వము నిషేధింపవచ్చునా? ఈ వ్యాసమున మేము విచారింపదలచిన ప్రశ్న యిదియే. వట్టి సిద్ధాంతములతో దీనిని తేల్చ జూచుటకంటె, మన దేశమున ఇరువదియేడేండ్లు నడచిన యొక పరీక్షను ముందిడుకొని యాలోచించుట మేలు. 1963 మొదలు 1990 వఱకు మన ప్రభుత్వము బంగారముపై నడపిన నియంత్రణమే యా పరీక్ష.

బంగారముపై సంస్కర్తలకు ప్రీతి లేదు, మాకును లేదు. నగలకై చేసిన యప్పులలో మునిగిన సంసారములను మనమందఱము చూచియున్నాము. పెండ్లిపందిటిలో కోడలి గుణముకంటె ముందుగ కాసులపేరు బరువు విచారించు వియ్యపురాండ్రను ఎఱుగుదుము. పొరుగమ్మ మెడలోని చంద్రహారము తన మెడలో లేదని అన్నము మానినవారి కథలు మనకు క్రొత్త కావు. పిల్లలచదువునకో, పొలములో బావికో, చిన్న వ్యాపారమునకో వినియోగింపదగిన ధనము ఇనుపపెట్టెలో నిద్రించుచున్నదని మనము చెప్పుచు వచ్చిన మాట అబద్ధము కాదు.

కాని యా పెట్టెను ఇల్లాలి వైపునుండి కూడ నొకసారి చూడవలయును. 1963లో మన గ్రామమందలి సామాన్య కుటుంబమును తలంచుకొందము. పొలము మగనిపేర నున్నది. ఇల్లు మామగారిపేర నున్నది. 1937 నాటి శాసనము హిందూ వితంతువునకు పరిమితమైన హక్కును మాత్రమే యొసగినది. 1956లో హిందూ వారసత్వ శాసనము స్త్రీకి పూర్ణస్వామ్యము నొసగినను, ఉమ్మడికుటుంబపు పిత్రార్జితమునందు కుమార్తెకు పుట్టుకతోడి హక్కు నీయలేదు. ఆ హక్కు ఆంధ్రప్రదేశమున 1986 నాటి సవరణచేతను, దేశమంతట 2005 నాటి సవరణచేతను గాని రాలేదు. నాటి పల్లెలలో బ్యాంకులు లేవు. దాచిన రూపాయి విలువ ఏటేట తఱుగుచుండెను. ఇట్టి స్థితిలో ఆ యిల్లాలికి తనదని చెప్పుకొనదగిన సొత్తు ఏది? మెడలోని గొలుసు, చేతి గాజులు. మగడు మంచముపట్టినను, వానలు తప్పి పంట పోయినను, కొడుకు పరీక్షరుసుము కట్టవలసి వచ్చినను, ఆ గాజులే తాకట్టుకు పోయి కుటుంబమును గట్టెక్కించెడివి. స్త్రీధనమని మన ధర్మశాస్త్రములు దానిని వేఱుగ నిలిపియుంచుటకు హేతు విదియే. ఆమెకు బంగారము వట్టి యలంకారము కాదు. ఆమె బ్యాంకును, ఆమె బీమాయు, ఆమె పట్టాయు నదియే.

ఇక ప్రభుత్వమువారి పక్షమును న్యాయముగ చెప్పవలయును. 1962 చివర చైనాతో యుద్ధము సంభవించినది. ఆయుధములు విదేశములనుండి కొనవలసియుండెను. అందులకు వలయు విదేశీమారకద్రవ్యము చాలకుండెను. బంగారపు దిగుమతి అంతకు ముందే నిషిద్ధమై యున్నను, మన దేశమున దాని ధర లోకపు ధరకు దాదాపు రెట్టింపుగ నుండుటచే దొంగదిగుమతి విరివిగ సాగుచుండెను. ఆ త్రోవను మారకద్రవ్యము హరించుచుండెను. ప్రజలు స్వచ్ఛందముగ రక్షణనిధికి బంగార మర్పించిరి. బంగారపు బాండ్లును అమ్మకమునకు వచ్చెను. ఇదంతయు కొఱత నుండి పుట్టిన యుపాయము. దీనిని తప్పుపట్టుట మా యుద్దేశము కాదు. అటుపై 1963 జనవరిలో, మొరార్జీ దేశాయిగారు ఆర్థికమంత్రిగ నున్న కాలమున, దేశరక్షణ నిబంధనలక్రింద క్రొత్త యాజ్ఞ వెలువడినది: ఇకమీదట క్రొత్తగ చేయు నగలు పదునాలుగు క్యారెట్లకు మించిన వన్నెతో నుండరాదు, నగలు కాక కడ్డీలుగను ముద్దలుగను ఉన్న బంగారమును ప్రజలు ప్రభుత్వమునకు ప్రకటింపవలయును.

దీని యర్థమేమో గృహస్థులకు విశదపఱచెదము. మన పూర్వుల లెక్కలో మేలిమి బంగారము పదాఱు వన్నెలది. ఇరువదినాలుగు క్యారెట్లన్నను అదియే. మన యిండ్లలో నగలకు వాడుక ఇరువదిరెండు క్యారెట్లు. అనగా నూటికి దాదాపు 92 పాళ్లు బంగారము. పదునాలుగు క్యారెట్లలో నూటికి 58 పాళ్లే బంగారము; మిగిలినది రాగియు వెండియు. పాతలెక్కలో తొమ్మిది వన్నెలకు కొంచెము మించును. అవసరమునకు అమ్ముకొనవచ్చునను ధైర్యముతో నగ చేయించు ఇల్లాలు, సగమునకు సగము రాగి కలసిన నగను ఏల చేయించును? అందమే కావలసినవారికి చిలకలపూడి గిల్టునగలు చౌకగ లభించునుగదా! శాసనకర్తలు ఆమె కోరికను భూషణప్రీతి యని యెంచిరి; అది వాస్తవమునకు భవిష్యద్భీతి. కోరికకు మూలమేమో యెఱుగక కోరికపై శాసనము చేసిరి.

ఈ యాజ్ఞ మొట్టమొదట పడిన చోటు రాజభవనము కాదు, షాహుకారుల దుకాణము కాదు, కంసాలి కుంపటి. వాని యాస్తి యంతయు నేమి? ఒక కుంపటి, ఒక ఊదుగొట్టము, పట్టకారు, సుత్తి, దాకలి, కమ్మచ్చు, ఒరగల్లు, చిన్న త్రాసు, అందులో తూచుటకు గురిగింజలు. వాని నిజమైన మూలధనము వాని వ్రేళ్లలో నున్నది. తాతనుండి తండ్రికి, తండ్రినుండి తనకు సంక్రమించిన యా నేర్పు మెత్తని మేలురకపు బంగారమునకు అలవడినది. పదునాలుగు క్యారెట్ల మిశ్రము కఠినమైనది. సుత్తిదెబ్బకు త్వరగ బిఱుసెక్కును. మాటిమాటికి కాల్చి మెత్తపఱుపవలయును. దానికి టంకము వేఱు, రంగు వేఱు. ఇంత కష్టించి చేసినను కొనువారు లేరు. పెండ్లిండ్ల కాలము వచ్చినది. కంసాలి యింటికి పని రాలేదు.

ఆ సంవత్సరమున దేశమంతట స్వర్ణకారులకు కలిగిన దుర్దశ పార్లమెంటులో పలుమాఱు చర్చింపబడినది. కొందఱు ఆకలికి తాళలేక ప్రాణములు తీసికొనిరను వార్తలును ఆ చర్చలలోనికి వచ్చినవి. వారికి వేఱు వృత్తులు చూపుదుమని ప్రభుత్వము వాగ్దానము చేసెను. కాని నలువదియేండ్లు ఊదుగొట్టము పట్టిన చేతికి రాత్రికి రాత్రి మఱియొక పని యలవడునా? బంగారము పెట్టెలలో నిలువచేసిన ధనవంతుని కొక్కపూట భోజనము తప్పలేదు. ఆ బంగారమును గుండిగ మలచి కూలి దెచ్చుకొను పనివానికి తప్పినది. సంస్కారము మనది, యుద్ధము దేశముది, మూల్యము మాత్రము కంసాలిది!

ఆజ్ఞ పెట్టినవారికే యిది సహింపరానిదై, 1963 సెప్టెంబరులో కొంత సడలింపు చేసిరి. పాత నగలను కరగించి అదే వన్నెతో మరల చేయుటకు సెలవిచ్చిరి. 1966లో పదునాలుగు క్యారెట్ల నిబంధనమే యెత్తివేయబడినది. అంతటితో కథ ముగిసియున్నచో, ఆపత్కాలమున జరిగిన పొరపాటని యూరకుందుము. కాని ప్రభుత్వమునకు ఒకసారి చేజిక్కిన యధికారము ఆపద తీఱినను చేయి విడువదు. యుద్ధము ముగిసి అయిదేండ్లు గడచిన పిమ్మట, 1968లో, బంగారు నియంత్రణ శాసనము శాశ్వతముగ ప్రతిష్ఠింపబడినది. ఈ శాసనముచొప్పున వర్తకునికి లైసెన్సు కావలయును. స్వర్ణకారునికి ధ్రువపత్రము కావలయును. వచ్చిన ప్రతి గ్రామునకు, పోయిన ప్రతి గ్రామునకు లెక్క వ్రాయవలయును. లెక్కలను అధికారి యెప్పుడు కోరిన నప్పుడు చూపవలయును. నగల విషయమున గృహస్థునకు కొంత వెసులుబాటుండెను. ఒక కుటుంబము వద్ద 4000 గ్రాములు మించిననే ప్రకటింపవలసి యుండెను. కాని కడ్డీగనో ముద్దగనో ఉన్న బంగారము, అది తాను న్యాయముగ సంపాదించినదే యైనను, సామాన్యుని వద్ద నుండుట సాధారణముగ నేరముగ నెంచబడెను.

ఇచ్చట చదువరులు గమనింపవలసిన విషయ మొకటి కలదు. లెక్కలు, పత్రములు, అనుమతులు అను భారము అందఱిపై సమముగ పడునట్లు కనబడును; కాని యది సమము కాదు. పెద్ద వర్తకుడు గుమాస్తాను పెట్టుకొనును, వకీలును పిలుచుకొనును. చదువురాని కంసాలి సుత్తి దింపి కలము పట్టవలయును. కలము పట్టలేడు గనుక అధికారి ముందు చేతులు కట్టుకొని నిలువవలయును. అధికారి మంచివాడైన నది వాని యదృష్టము. కానిచో వాని బ్రతుకు మఱియొకని కృపాధీనము. ఒక గృహస్థుని న్యాయమైన జీవనము మఱియొక గృహస్థుని సంతకముపై నాధారపడుట యెంత హీనదశయో, కచ్చేరి గుమ్మములవద్ద నిలిచినవా రెఱుగుదురు. లంచము పుట్టుచోటు మనుష్యుని దుర్బుద్ధి యొక్కటియే కాదు. కాదనుటకు అవుననుటకు హేతువు చూపనక్కఱలేని యధికారమే దానికి క్షేత్రము.

ఈ మాట మేము మాత్రమే చెప్పుట లేదు. 1969లో సుప్రీముకోర్టువారు ఈ శాసనమును విచారించి, దానిని మొత్తముగ నిలిపియుంచినను, పెక్కు నిబంధనలను కొట్టివేసిరి. లైసెన్సు ఇచ్చుటకో నిరాకరించుటకో శాసనము చూపిన హేతువులలో ‘ఎదురుచూడదగిన గిరాకి’, ‘అర్థికిగల యర్హత’, ‘ప్రజాహితము’ మొదలగు మాటలుండెను. ఇవి యెంత విశాలములో అంత అస్పష్టములు. అధికారి యిచ్ఛకు హద్దు చూపవు. కావున పౌరునికి రాజ్యాంగ మొసగిన వృత్తిస్వాతంత్ర్యమునకు భంగకరములని న్యాయమూర్తులు తలంచిరి. ఒక యూరిలో రాబోవు సంవత్సరము ఎన్ని నాన్‌తాళ్లు కావలసివచ్చునో కచ్చేరిలో కూర్చున్న యధికారి యెట్లు చెప్పగలడు? ఆ సంగతి ఆ యూరి ఆడపడుచుల పెండ్లిండ్లు, పంటలు, ధరలు కలిసి నిర్ణయించును. దుకాణముముందు నిలిచిన వర్తకునికి లీలగ తెలియును. అతడు తప్పినచో నష్టము అతనిదే. అధికారి తప్పినచో నష్ట మెవరిది?

ఇంతకు, జనుల కోరిక తగ్గినదా? తగ్గలేదు. చట్టబద్ధమైన మార్గమున బంగారము దొరకనందున చట్టవిరుద్ధమైన మార్గమున వచ్చినది. సముద్రపుటొడ్డున రాత్రివేళ పడవలనుండి దిగిన బిస్కత్తులు ఆ కాలమున మన చలనచిత్రములకు సయితము కథావస్తు వయ్యెను. అంతవఱకు ఎవ్వడు నెఱుగని దొంగరవాణాదారులు ధనవంతులై, పట్టణములలో ప్రతాపవంతులైరి. లోకపు ధరకును మన ధరకును నడుమ నున్న యంతరమే వారికి కూలి. ఆ యంతరమును నిలిపియుంచినది శాసనమే. న్యాయముగ బ్రతుకువానిని పస్తుంచి, దొంగను పోషించినట్లయ్యెను.

దీనికంటె లోతైన కీడు మఱియొకటి కలదు. దొంగతనము, మోసము, హింస అనునవి తప్పులని మనస్సాక్షియే చెప్పును. వానిని శాసనము దండించునపుడు జనులు శాసనమును గౌరవింతురు. కాని కూతురి పెండ్లికై ముద్దబంగారము దాచిన తల్లికి తాను నేరము చేసితినని యెన్నటికిని తోచదు. మనస్సాక్షి తప్పనని దానిని శాసనము తప్పనుచు పోయినకొలది, జనులు మనస్సాక్షిని విడువరు, శాసనభక్తిని విడుతురు. ఒక శాసనమును సిగ్గులేక మీఱుట యలవడినవాడు రెండవదానిని మీఱుటకు వెనుదీయడు. ఇట్లు ప్రభుత్వము అనవసరమైన చోట చేయి చాచి, అవసరమైన చోట తన బలమును పోగొట్టుకొనును.

1990లో పార్లమెంటు ఈ శాసనమును రద్దు చేసినది. కోరిన ఫలము చేకూరలేదనియు, చిన్న స్వర్ణకారులకు కష్టమును వేధింపును కలిగినవనియు ప్రభుత్వమువారే రద్దునకు హేతువులు చెప్పిరి. ఇరువదియేడేండ్ల పిమ్మట వచ్చిన యీ యొప్పుకోలు శ్లాఘనీయమే. కాని నడుమ వృత్తి విడిచిన కుటుంబములకు దానివలన నొరిగిన దేమియు లేదు.

తరువాతి సంవత్సరము జరిగిన సంగతి మఱింత విచిత్రము. 1991లో దేశమున విదేశీమారకద్రవ్యము హరించి, కొన్ని వారముల దిగుమతులకు చాలినంత మాత్రమే మిగిలినది. అప్పుడు ప్రభుత్వ మేమి చేసినది? మే నెలలో 20 టన్నుల బంగారమును, మరల కొనుక్కొను నొడంబడికతో, విదేశమున విక్రయించినది. అది దొంగరవాణాదారులవద్ద జప్తుచేసిన బంగారము! జూలైలో రిజర్వు బ్యాంకునుండి దాదాపు 47 టన్నులు విదేశములకు పంపి తాకట్టుపెట్టినది. బంగారము నిష్ప్రయోజనమైన నిలువ యని ముప్పదియేండ్లు గృహిణికి బోధించిన ప్రభుత్వము, కష్టకాలము రాగానే గృహిణి చేయు పనినే చేసినది. తప్పు చేసినదని మే మనుట లేదు. మఱియొక గతి లేక చేసినది, ఋణము తీర్చినది. అయితే కొడుకు పరీక్షరుసుమునకై గాజులు తాకట్టుపెట్టిన యిల్లాలు అవివేకి యనుటకు ఇక మన కేమి యధికారము?

ఇచ్చట కొన్ని యాక్షేపణలకు సమాధానము చెప్పవలసియున్నది. కొందఱిట్లందురు: ‘మీరు చెప్పునట్లయిన ప్రభుత్వ మేమియు చేయరాదా? వర్తకుడు కొనువానిని దోచుకొనుచుండ చూచుచు నుండవలసినదేనా?’ కాదు. కొనువారిలో వన్నె తెలిసికొనగలవారు చాల కొద్దిమంది. తప్పువన్నె చెప్పి యమ్ముట అసత్యమును, చౌర్యమును. దానిని దండించుట ప్రభుత్వధర్మము. 2000లో బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ వారు నగలపై హాల్‌మార్కు ముద్రను ప్రవేశపెట్టిరి. మొదట అది స్వచ్ఛందముగ నుండెను. 2021 జూనులో 256 జిల్లాలలో విధిగ చేయబడినది. దీనికిని 1963 నాటి యాజ్ఞకును గల భేదమును చూడుడు. హాల్‌మార్కు ‘ఇది యెన్ని క్యారెట్లో నిజము చెప్పుము’ అనును. పదునాలుగు కొనదలచిన వాడు పదునాలుగు కొనును, ఇరువదిరెండు కొనదలచినవాడు ఇరువదిరెండు కొనును. నాటి యాజ్ఞ ‘నీవు కోరదగినది యిదియే’ అనెను. మొదటిది త్రాసును కాపాడును. రెండవది కొనువాని మనస్సుపై పెత్తనము చేయును. స్వేచ్ఛావ్యాపారము త్రాసులేని వ్యాపారము కాదు. త్రాసు సరిగ నుండు వ్యాపారము. హాల్‌మార్కు విషయమునను చిన్న వర్తకునిపై మోయలేని భారము పడకుండ చూచుట ధర్మము. అందులకే సంవత్సరమునకు 40 లక్షల రూపాయలకు లోపు వ్యాపారము చేయువారిని ఆ విధినుండి మినహాయించిరి.

మఱికొందఱు, ముఖ్యముగ మన సంస్కర్తలలోనివారు, ఇట్లడుగవచ్చును: ‘శాసనము లేకున్న 1829లో సహగమనము నిలిచియుండునా? 1929 నాటి శారదా శాసనము తప్పా?’ ఈ ప్రశ్న గొప్పది. మా సమాధాన మిది. సహగమనము ఒకరి ప్రాణమును హరించునది. బాల్యవివాహము నోరెత్తలేని శిశువు జీవితమును ఆమె యనుమతి లేక బంధించునది. పరులకు బలాత్కారముగ చేయు హానిని ఆపుట ప్రభుత్వపు మొదటి పని. అది స్వాతంత్ర్యమునకు భంగము కాదు, రక్ష. 1961 నాటి వరకట్న నిషేధ శాసనమును నట్టిదే. పిల్లను చేతబట్టుకొని తండ్రిని పీడించి ధనము లాగుట వ్యాపారము కాదు. ఇక 1856 నాటి వితంతు వివాహ శాసనమును చూడుడు. అది యే వితంతువును పెండ్లి చేసికొమ్మని నిర్బంధింపలేదు; చేసికొనగోరినవారికి అడ్డుగనున్న గోడను పడగొట్టినది. తలుపు తెఱచినది శాసనము. లోపలికి నడిపించినది మాత్రము కందుకూరి వీరేశలింగము పంతులుగారివంటివారి యోపిక. శాసనము వచ్చిన ఇరువదియైదేండ్లకు, 1881 డిసెంబరు 11వ తేదీన, రాజమహేంద్రవరమున వారు మొదటి వితంతు వివాహమును జరిపించిరి. ఆ నడుమ కాలమునందును, అటు తరువాతను జరిగిన వాదములు, వెలులు, అవమానములు సహించినవారు అధికారులు కారు, సంస్కర్తలు. హానిని ఆపు శాసనమును, తలుపు తెఱచు శాసనమును ధర్మసమ్మతములు. కోరికను గదిలో పెట్టి తాళమువేయు శాసనము మూడవరకము. బంగారు నియంత్రణము ఈ మూడవరకమునకు చెందినది.

ఇంకొక యాక్షేపణ: ‘దేశమునకు అవసరము వచ్చినపుడు వ్యక్తి తన సొత్తుపై హక్కని పట్టుపట్టుట స్వార్థము కాదా?’ దేశమునకు అవసరము వచ్చిన పన్ను వేయవచ్చును. పన్ను అందఱిపై, వారివారి శక్తికొలది, బహిరంగముగ పడును. ఎంత తీసికొనినది లెక్క తెలియును. ఋణము కోరవచ్చును, దానము వేడవచ్చును, 1962లో ప్రజలు అడిగినంతనే ఇచ్చిరి. కాని ఒక వృత్తివారి జీవనమును మూసివేసి దేశమునకు మేలు చేయుట, భారమంతయు వారి నెత్తిన మాత్రమే మోపుట. అది త్యాగము కాదు. త్యాగ మిచ్చువాని యిచ్ఛవలన కలుగును. ఇతరుల సొత్తును త్యాగము చేయుటలో ఎవ్వరికిని పుణ్యము లేదు.

బంగారము ఒక్కటియే ఇట్లయినదని తలంపరాదు. 1951 నాటి పరిశ్రమల శాసనముతో మొదలై, ఏ కార్ఖానా ఎక్కడ పెట్టవలయును, ఎంత సరకు చేయవలయును అనునది కచ్చేరులలో నిర్ణయింపబడిన కాలము నలువదియేండ్లు నడచినది. దీనికే రాజాజీగారు ‘పర్మిటు-లైసెన్సు రాజ్య’మని పేరుపెట్టిరి; 1959లో స్వతంత్రపార్టీని స్థాపించి, మన గుంటూరుసీమవారైన ఆచార్య రంగాగారితో కలిసి దానిని ప్రతిఘటించిరి. ఆ పక్షము చిరకాలము నిలువలేదు. కాని వారు చెప్పిన మాటలలో కొన్నిటిని, 1991 జూలైలో పి.వి. నరసింహారావుగారి ప్రభుత్వము పెక్కు పరిశ్రమలకు లైసెన్సులను తొలగించి, ఒప్పుకొన్నట్లయ్యెను. ఈలోపున 1978 నాటి నలువదినాలుగవ సవరణచే ఆస్తిహక్కు ప్రాథమిక హక్కులనుండి తొలగింపబడి, శాసనాధికారము లేక యెవ్వరి యాస్తిని హరింపరాదను సామాన్యపు హక్కుగ మిగిలినది. ఆస్తి యనగానే మనకు మేడలును జమీలును స్ఫురించును. కంసాలి కుంపటియు, ఇల్లాలి గాజులును, వీధిలో కూరగాయలమ్ము దాని తట్టయు ఆస్తియే. గోడ పలుచనైనపుడు మొదట చలిపుట్టునది దుప్పటిలేనివానికి.

కావున చదువరులకు మా మనవి యిది. ఏదేని వ్యాపారమును, ఏదేని సొత్తును ప్రభుత్వము కట్టడి చేయవలయునను కోరిక మనకు కలిగినపుడు, మొదట నాలుగు ప్రశ్నలు వేసికొందము. ఈ పనివలన పరులకు హాని కలుగుచున్నదా, లేక మనకు నచ్చకపోవుట మాత్రమేనా? ఈ కోరికకు మూలమేమి. ఆ మూలమును తీసివేయు మార్గ మున్నదా? ఈ కట్టడి మొదట నెవ్వని కుంపటిని ఆర్పును? అవసరము తీఱిన పిమ్మట దీనిని తీసివేయువా రెవ్వరు? ఈ నాలిగింటికి సమాధానము దొరకనిచో శాసనమును కోరకుండుటయే ధర్మము.

బంగారపు పిచ్చి తగ్గవలయునని మేమును కోరుచున్నాము. దానికి మార్గము మన యిండ్లలోనే యున్నది. కుమార్తెకు పొలములో భాగ మిత్తము; ఆమెపేర బ్యాంకులో ధనము వేయుదము; కాసులపేరు చేయించు డబ్బుతో ఆమెకు చదువు చెప్పింతము; వియ్యపురాలు తూకము అడిగిన సంబంధమును కాదందము. ఇవి చేసినవారి యిండ్లలో బంగారము తనంతట తానే తగ్గును. ఏ యినస్పెక్టరును రానక్కఱలేదు. ఇవి చేయక, శాసనము కావలయునని కేకలువేయుట, మన యింటి పనిని మఱియొకని నెత్తిన రుద్దుట. ఆ మఱియొకడు ఒకనాడు ఊరి చివర చల్లారిన కుంపటి ముందు కూర్చుండిన కంసాలి యయ్యెను. ఆతని ఋణము మనకింకను తీఱలేదు.